పసుపు ఫారం ముందు కూర్చోబోయేవాళ్లకి

(పెద్ద ప్రమాదాల్లో ఆప్తుల్ని పోగొట్టుకున్న కుటుంబాలతో పనిచేయబోయేవారి శిక్షణ తరగతుల్లో మొదటిరోజు చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని రాశాం.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకి వినపడుతోందా? వినపడకపోతే మొహమాటపడకండి, ముందు రెండు వరసలు ఖాళీగానే ఉన్నాయి, వచ్చేయండి.

మీలో ఎవరెవరున్నారో పొద్దున లిస్టు చూశాను. సోషల్ వర్కర్లున్నారు, నర్సులున్నారు, పోలీసులున్నారు, ఫోరెన్సిక్ డాక్టర్లు ఇద్దరున్నారు. ఒక పళ్ల డాక్టరుగారు కూడా ఉన్నారు. ఇందాక లోపలికొస్తుంటే పక్కనున్నాయన ఆవిణ్ని "మీరేంటండీ ఇక్కడ?" అని అడగడం నా చెవిన పడింది. ఏంటో చెప్తాను. 2004 సునామీలో థాయ్‌లాండ్‌లో అయిదు వేల మందికి పైగా చనిపోయారు. అందులో సగం మంది దాకా వేరే దేశాలవాళ్లు. నీళ్లలో నాని, ఎండకి ఉబ్బి, ముఖాలు ఆనవాలు పట్టే స్థితిలో లేవు. ముప్పై దేశాల నుంచి బృందాలు వచ్చాయి. మొదటి నెలల్లో ఎక్కువమంది పేర్లు తేలింది పళ్లను బట్టే. పళ్ల డాక్టర్లు రాసిపెట్టుకున్న పాత రికార్డుల్ని బట్టి. అందుకని, ఆవిడ ఇక్కడ ఉండాల్సిన మనిషే.

సరే. ముందు మిమ్మల్నొకటి అడుగుతాను. పెద్ద ప్రమాదం జరిగింది. రైలో, విమానమో, భవనం కూలడమో, ఏదైనా అనుకోండి. వందమంది పోయారు. మీరు వెళ్లారు. ఒక తండ్రి వచ్చి మీ ఎదురుగా కూర్చున్నాడు. ఆయనకి ముందుగా ఏం కావాలి?

ఓదార్పు. సరే. ఇంకా? ధైర్యం చెప్పాలి. మంచినీళ్లు ఇవ్వాలి... అవును, నీళ్లు ఇవ్వండి, అది మంచి మాటే. ఇంకా?

నేను చాలా బ్యాచ్‌లని అడిగాను ఈ ప్రశ్న. 'సమాచారం' అన్న మాట నాలుగోదో అయిదోదో వస్తుంది ఎప్పుడూ. ఆ తండ్రినే అడిగితే అదే మొదట చెప్తాడు. నా పిల్ల ఎక్కడుంది? ఉందా, లేదా? మీకేం తెలుసు? ఎప్పుడు చెప్తారు? ఓదార్పు ఆయనకి అక్కర్లేదని కాదు. ఓదార్చడానికి ఆయనకి మనుషులున్నారు. అక్క ఉంది, స్నేహితుడున్నాడు. వాళ్లెవరూ ఇవ్వలేనిది ఒకటి మీ దగ్గరుంది. మార్చురీ తలుపు అవతల ఏముందో మీకు తెలుసు, వాళ్లకి తెలియదు.

ఆ తేడా చాలా పెద్ద అధికారం. మనం దాన్ని అధికారం అనుకోం, జాలి అనుకుంటాం. ఇవాళ నేను మాట్లాడబోయేది దాని గురించే.

లండన్‌లో థేమ్స్ నది మీద మార్షనెస్ అనే పడవ ఉండేది. 1989 ఆగస్టు 20 తెల్లవారుజామున ఇంకో పెద్ద ఓడ గుద్దేసి మునిగిపోయింది. ఒక పుట్టినరోజు పార్టీ. 51 మంది పోయారు, ఎక్కువమంది కుర్రవాళ్లే. వేలిముద్రలు తీయడం కోసమని 25 మంది మృతదేహాల చేతులు మణికట్టు దగ్గర కోసేశారు. కుటుంబాలకి చెప్పలేదు. కొంతమందిని అసలు చూడనివ్వనే లేదు. ఎందుకు చూడనివ్వలేదు? "మీరు తట్టుకోలేరు" అని. వాళ్ల మంచికోసమేనట!

ఆ చేతుల సంగతి కుటుంబాలకి ఎప్పుడో, వేరేవాళ్ల నోట తెలిసింది. తెలిశాక ఏమవుతుంది? బిడ్డ పోయిన రోజు మళ్లీ వచ్చినట్టు అవుతుంది. కాకపోతే ఈసారి నది మీద కాదు కోపం, మనమీద. ఆ కుటుంబాలు ఏళ్ల తరబడి కొట్లాడితే లార్డ్ జస్టిస్ క్లార్క్ అనే న్యాయమూర్తి విచారణ జరిపి 2001లో నివేదిక ఇచ్చారు. అందులో నాలుగు మాటలున్నాయి. ప్రతి దశలోనూ నిజాయితీగా, వీలైనంత కచ్చితంగా సమాచారం చెప్పాలి. చనిపోయినవాళ్ల పట్లా, వాళ్లవాళ్ల పట్లా గౌరవం ఉండాలి. మొదట్నుంచి చివరిదాకా దయగా మెలగాలి. ఒకరిని ఇంకొకరుగా పొరపాటు పడకూడదు. నాలుగే. ఇందులో మొదటిది ఏదో మళ్లీ చూడండి. దయ కాదు. నిజాయితీ.

"మీరు తట్టుకోలేరు" అనే మాట ఇంక మీ నోట రాకూడదు. తట్టుకోగలరో లేదో వాళ్లకి తెలుసు. మీరు చెయ్యాల్సింది ఏంటంటే, తలుపు తీసే ముందు లోపల ఏముందో చెప్పడం. "ముఖానికి కుడివైపు దెబ్బలున్నాయి, అక్కడ గుడ్డ కప్పాం. ఎడమ చెయ్యి బాగానే ఉంది. గది చల్లగా ఉంటుంది, మందుల వాసన ఉంటుంది. మీరు ఎంతసేపైనా ఉండొచ్చు, వద్దనుకుంటే గుమ్మం దగ్గర్నుంచే వెనక్కి రావచ్చు." ఇలా. అప్పుడు కొంతమంది వద్దంటారు, కొంతమంది చెయ్యి మాత్రం పట్టుకుని వస్తారు. బ్రిటన్‌లో హఠాన్మరణాల తర్వాత బంధువులతో మాట్లాడి చేసిన పరిశోధన ఒకటుంది. చూడటమా వద్దా అన్నది తామే తేల్చుకుని, చూసినవాళ్లలో ఎందుకు చూశామా అని బాధపడ్డవాళ్లు చాలా తక్కువ. 'తామే తేల్చుకుని' అన్నది ఇక్కడ ముఖ్యం. బలవంతంగా చూపించడం కూడా తప్పే.

ఇక్కడొక మెలిక ఉంది. చూడటం వేరు, చూసి గుర్తుపట్టడం వేరు. ఫోరెన్సిక్ వాళ్లు తలూపుతున్నారు. వరసగా పడుకోబెట్టిన మృతదేహాల మధ్య నడిపించి "మీవాళ్లెవరో చూసి చెప్పండి" అనడం... ఇప్పటికీ చాలాచోట్ల జరుగుతుంది. అది క్రూరం, సరే, అంతకంటే పెద్ద చిక్కు, అది తప్పుల పుట్ట. దుఃఖంలో ఉన్న మనిషి కళ్లు వెతుకుతున్నదాన్నే చూస్తాయి. లేదా చూడకూడదనుకున్నదాన్ని చూడవు, సొంత తమ్ముణ్నే దాటి వెళ్లిపోతారు. అందుకే ఇంటర్‌పోల్ పద్ధతిలో మొదటి వరస ఆధారాలు మూడే: వేలిముద్రలు, పళ్లు, డీఎన్‌ఏ. చొక్కా, ఉంగరం, పుట్టుమచ్చ, ఇవన్నీ తోడు సాక్ష్యాలు. ఉంగరం ఒకరిది ఇంకొకరి వేలికి ఉండొచ్చు కదా? జేబులో కార్డు స్నేహితుడిది కావచ్చు కదా?

"మరి అంతదాకా ఎలా ఆగుతారండీ, పై నుంచి ఒత్తిడి ఉంటుంది, త్వరగా ఇచ్చేయండి అంటారు" అంటారు మీరు. నిజమే, ఉంటుంది. దానికి నేను చెప్పే జవాబు ఒక్కటే, యాక్ 42. 2003 మే 26న అఫ్గానిస్తాన్ నుంచి తిరిగొస్తున్న స్పెయిన్ సైనికుల విమానం టర్కీలో ట్రాబ్జోన్ దగ్గర కొండకి కొట్టుకుంది. 62 మంది స్పెయిన్ సైనికులు పోయారు. రెండు రోజుల్లో, రెండే రోజుల్లో, శవపేటికలు స్వదేశం చేరాయి, అధికార లాంఛనాలతో అంత్యక్రియలు అయిపోయాయి. ఎంత వేగం! తర్వాత తేలిందేంటంటే 30 మృతదేహాలు తారుమారయ్యాయి. పాతిపెట్టినవాటిని తవ్వి తీసి డీఎన్‌ఏ చూడాల్సొచ్చింది. ఒక జనరల్‌కి జైలు శిక్ష పడింది. దహనం చేసేసి ఉంటే? తవ్వి తీయడానికి కూడా ఏముండదు.

కాబట్టి ఆలస్యం అవుతుంది. ఎందుకు అవుతోందో చెప్పండి. ఎన్ని రోజులు పట్టొచ్చో చెప్పండి. ఇంకో మాట, ఇది రాసుకోండి: మళ్లీ ఎప్పుడు చెప్తారో చెప్పండి. "సాయంత్రం ఆరింటికి ఈ హాల్లోనే మాట్లాడతాం." ఆరింటికి మీ దగ్గర కొత్త కబురేం లేదనుకోండి. అయినా ఆరింటికి వెళ్లి నిలబడండి. "కొత్తగా ఏం తెలియలేదు, మళ్లీ తొమ్మిదింటికి వస్తాం" అని చెప్పండి. ఏం లేదు కదా అని వెళ్లకపోతే, ఆ ఆరున్నరకి ఆ హాల్లో పుట్టే పుకార్లు మీరు వారం రోజులు తిరిగినా చల్లార్చలేరు. కుటుంబాలకి చెప్పాకే టీవీ వాళ్లకి చెప్పాలి. ఈ వరస తప్పితే ఇక మీరేం చెప్పినా నమ్మరు.

2014 మార్చి 8న మలేసియా ఎయిర్‌లైన్స్ వాళ్ల ఎమ్‌హెచ్ 370 విమానం మాయమైంది. 239 మంది. పదహారు రోజులు కళ్లు కాయలు కాసేలా చూశాయి కుటుంబాలు. మార్చి 24న, విమానం పోయిందనీ ఎవరూ బతికిలేరనుకోవాల్సిందేననీ కొందరికి ఎస్సెమ్మెస్ వచ్చింది. ఇంగ్లీషులో. ప్రయాణికుల్లో ఎక్కువమంది చైనావాళ్లు. పంపినవాళ్లకి చెడ్డ ఉద్దేశం ఉందని నేననుకోను. ప్రెస్‌మీట్‌లో చెప్పే లోపల అందరికీ అందాలన్న తొందర కావచ్చు. అందుకున్న తల్లి వైపు నుంచి ఆలోచించండి.

ఇప్పుడు ఫారం సంగతి. ఇంటర్‌పోల్ ఫారాలు రెండు రంగుల్లో ఉంటాయి. మృతదేహం దగ్గర నింపేది గులాబీ రంగు. కుటుంబం దగ్గర కూర్చుని నింపేది పసుపు. పసుపులో పోయినవారి గురించి బతికున్నప్పటి వివరాలుంటాయి. రెండూ పక్కపక్కన పెట్టి సరిపోల్చుతారు. గులాబీ ఫారం నింపేవాళ్లకి చూడబోతే శరీరం ఎదురుగా ఉంది, కొలవొచ్చు. పసుపు ఫారం నింపేవాళ్లకి ఉన్నదల్లా ఒక మనిషి జ్ఞాపకం. అది కూడా నిద్ర లేని మనిషి. గంటలు పడుతుంది. ఎత్తెంత, బరువెంత, చెవులు కుట్టించారా, ఎప్పుడైనా ఎముక విరిగిందా, పళ్లకి సిమెంటు పెట్టించారా, ఏ డాక్టరు, చెప్పుల సైజెంత, గోళ్లు కొరికే అలవాటుందా.

ఇందులో మనభాషలో ఒక గొయ్యి ఉంది. నేను పడ్డాను కాబట్టి చెప్తున్నాను. మొదట్లో, ఒకామెని అడిగాను, "మీ అబ్బాయి కళ్లద్దాలు పెట్టుకునేవాడా?" అని. ఆవిడ అప్పటిదాకా బాగానే చెప్తోంది. ఠక్కున ఆగిపోయింది. "పెట్టుకుంటాడు" అంది. అంతే. ఆ తర్వాత అరగంట నాతో మాట్లాడలేదు. చూశారా? నేను అడిగింది కళ్లద్దాల గురించి. ఆవిడ విన్నది వేరు. ఇంకా పేరు తేలలేదు, ఇంకా ఎవరూ ఏమీ నిర్ధారించలేదు, నా క్రియాపదం మాత్రం వాణ్ని చంపేసింది.

కాబట్టి గుర్తింపు తేలేదాకా 'పెట్టుకుంటాడా', 'ఉంటుందా', 'ఇష్టమా'. వాళ్లే ముందుగా 'ఉండేవాడు' అంటే అప్పుడు మీరూ అనొచ్చు. వాళ్లు మారాక మీరు మారండి. తేలిన తర్వాత మాత్రం దీనికి పూర్తిగా ఉల్టా. అప్పుడు నాన్చకూడదు. మనకి చావుని చుట్టుతిప్పి చెప్పే మాటలు బోలెడున్నాయి. 'ఇక లేరు', 'దక్కలేదు', 'కాలం చేశారు'. దక్కలేదంటే ఎక్కడ దక్కలేదు, ఆస్పత్రిలోనా, ఇంకా వెతుకుతున్నారా? ఆ క్షణంలో మనిషి ఏ చిన్న సందు దొరికినా ఆశ దూర్చేస్తాడు. 'చనిపోయారు' అనండి. పేరు పెట్టి చెప్పండి. చెప్పి ఊరుకోండి. ఆ తర్వాత వచ్చే నిశ్శబ్దాన్ని మాటలతో పూడ్చాలని చూడకండి.

'బాడీ' అనకండి. పేరుంటే పేరు, లేకపోతే 'మీ అమ్మాయి'. ఎన్ని నంబర్లు వేసినా నంబరు మన కాగితాల్లో ఉండాలి, నోట్లో కాదు.

డీఎన్‌ఏ దగ్గర రెండు ముక్కలు చెప్పి వదిలేస్తాను, రేపు డాక్టరుగారు పూర్తిగా చెప్తారు. ఒకటి, టూత్‌బ్రష్షు, దువ్వెన, రేజరు ఇంట్లో ఉంటే తుడవొద్దని, సర్దొద్దని మొదటి ఫోన్లోనే చెప్పండి. చుట్టాలు వస్తారని ఇల్లు సర్దేస్తారు పాపం. రెండోది సున్నితమైంది. తల్లిదండ్రుల రక్తం తీసుకుంటే, ఒక్కోసారి ఎవరూ అడగని నిజం బయటపడుతుంది. ఆయన కన్నతండ్రి కాదని. అది మీకు తెలిసినా మీ పనికి సంబంధించింది కాదు. అలాంటివి బయటికి రాకుండా ఎలా రాయాలో, ఎవరికి చూపాలో ముందే తేల్చుకోవాలి. అన్నీ చెప్పాలన్నారుగా ఇందాక అంటారేమో? గుర్తింపుకి సంబంధించినవన్నీ చెప్పాలన్నాను. ఇది వేరు. ఇక్కడ నాకూ ప్రతిసారీ సులువుగా ఏం ఉండదు, ఒప్పుకుంటున్నాను.

ఇప్పుడు వస్తువులు. నన్నడిగితే ఈ పనిలో అందరూ చిన్నచూపు చూసేది ఇదే. 1988 డిసెంబర్ 21న స్కాట్లాండ్‌లో లాకర్‌బీ అనే ఊరిమీద విమానం పేలి పడింది. విమానంలో 259 మంది, కింద ఊళ్లో 11 మంది, మొత్తం 270. పొలాల్లో, ఇళ్ల కప్పుల మీద ఎక్కడ చూసినా సూట్‌కేసులు, బట్టలు. ఆ ఊరి ఆడవాళ్లు ఆ బట్టలన్నీ ఉతికి, ఇస్త్రీ చేసి, మడతపెట్టి కుటుంబాలకి పంపారు. తమ ఊళ్లోనూ చావులున్నాయి, అయినా ముక్కూమొహం తెలియనివాళ్ల పిల్లల బట్టలు ఉతికారు. ఇది చెప్పినప్పుడల్లా నాకు గొంతు పట్టేస్తుంది, క్షమించండి.

అయితే, ఇంత మంచి పనిలో కూడా ఇప్పుడు మనం ఒకటి కలుపుతాం. ఏంటది? అడుగుతాం. ఉతకమంటారా, వద్దా? ఒక తండ్రికి రక్తం మరక చూడటం నరకం. ఇంకో తల్లికి ఆ చొక్కాలో మిగిలిన వాసనే మిగిలిన కొడుకు, ఉతికితే అది పోతుంది. మళ్లీ తెప్పించలేం. మీకు చిత్తుకాగితంలా కనపడే బస్సు టికెట్టు, సగం వాడిన లిప్‌స్టిక్, ఒంటి చెప్పు, పారేసే హక్కు మనకి లేదు. ఎలాంటి స్థితిలో ఉందో రాసి, ఫొటో చూపించి, కావాలా అని అడగండి. ఇప్పుడొద్దంటే దాచి పెట్టండి, ఏడాది తర్వాత రావచ్చు.

ఇదే సంగతి ఇంకా కష్టమైన చోట. న్యూయార్క్‌లో 2001 సెప్టెంబర్ 11న ప్రపంచ వాణిజ్య కేంద్రం దగ్గర 2,753 మంది పోయారు. దొరికిన అవశేషాలు దాదాపు 22 వేలు. ఆ లెక్కే చెప్తుంది కదా ఏ స్థితిలో దొరికాయో. ఇప్పటికీ సుమారు 1,100 మంది ఆనవాలు తేలలేదు, ఆ పని ఇంకా నడుస్తూనే ఉంది. మరి ఒక కుటుంబానికి ఒకసారి ఒక ముక్క ఇచ్చారు, అంత్యక్రియలు అయిపోయాయి. ఆరు నెలలకి ఇంకోటి తేలింది. మళ్లీ ఫోను చెయ్యాలా? రెండేళ్లకి ఇంకోటి. ప్రతిసారీ చెయ్యాలా? అక్కడి వాళ్లు కుటుంబాన్నే అడిగారు. తేలినప్పుడల్లా చెప్పమంటారా, అన్నీ అయ్యాక ఒకేసారి చెప్పమంటారా, ఇంక అసలు చెప్పొద్దంటారా? ఒక్కో ఇల్లు ఒక్కో జవాబు చెప్పింది. ఒకే ఇంట్లో భార్య ఒకటి, తల్లి ఒకటి కూడా చెప్పొచ్చు, దానికి సిద్ధంగా ఉండండి. పైగా ఇవాళ చెప్పిన జవాబు అయిదేళ్లకి మారొచ్చు. మార్చుకోవచ్చని ఫారంలోనే రాయాలి.

బోస్నియాలో స్రెబ్రెనిత్సా సంగతి ప్రమాదం కాదు, మారణకాండ. 1995 జులైలో. ఎనిమిది వేల మంది దాకా మగవాళ్లనీ మగపిల్లల్నీ చంపి పాతిపెట్టారు. తర్వాత సాక్ష్యం దొరక్కుండా యంత్రాలతో తవ్వి వేరే గోతుల్లోకి మార్చారు. దాంతో ఒకే మనిషి ఎముకలు రెండు మూడు చోట్ల దొరికేవి. కొన్ని ఎముకలు దొరికాయి, ఇప్పుడే ఖననం చేస్తారా, మిగతావాటి కోసం ఆగుతారా? అది కూడా తల్లులే నిర్ణయించుకున్నారు. కొందరు ఏళ్ల తరబడి ఆగారు. ఏటా జులై 11న, ఆ ఏడు తేలినవాళ్లని స్రెబ్రెనిత్సా దగ్గరున్న పొతొచారి శ్మశానంలో ఖననం చేస్తూనే ఉన్నారు.

అసలేమీ దొరకనివాళ్లో? అమెరికాలో పాలీన్ బాస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఉన్నారు. పోయారో ఉన్నారో తేలని ఈ స్థితిని ఆవిడ 'యాంబిగ్యువస్ లాస్' అన్నారు. ఆ మాటని 'తెగని ఎడబాటు' అని నేను తెలుగు చేసుకున్నాను. ఆవిడ చెప్పేది ఏంటంటే, ఈ మనుషులకి జబ్బు లేదు, పరిస్థితికే జబ్బు. కాబట్టి "ఇంక మర్చిపో, ముందుకి నడువు" అనకండి. 'బహుశా లేడు, బహుశా ఉన్నాడు' అని రెండూ ఒకేసారి మోయడం నేర్చుకుంటారు వాళ్లు. ఆ రెంటిలో ఒకటి లాగేసే పని మనకెందుకు? ఇక్కడ మనం చెయ్యగలిగింది చాలా పొడి పని. మరణ ధ్రువపత్రం ఎలా వస్తుంది, బ్యాంకు ఖాతా, పిల్లల ఫీజులు, పరిహారం. ఆ కాగితాల దగ్గర తోడు వెళ్లండి. కాగితం తీసుకుంటే తనే చంపుకున్నట్టు అనిపిస్తోందని ఒక భార్య అంటే, ఆ మాట విని పక్కన కూర్చోండి.

మన సంగతి కూడా కాస్త చెప్పి ముగిస్తాను. ఈ పనిలో మనల్ని పడేసేది రక్తం అనుకుంటారు. కాదు. మార్చురీల్లో పనిచేసినవాళ్లని అడిగి చూసిన పరిశోధకులకి మళ్లీ మళ్లీ కనపడింది వేరు. జేబులో దొరికిన చిన్నపిల్ల బొమ్మ, పర్సులో ఉత్తరం. మోగుతూనే ఉన్న ఫోను. తెర మీద 'అమ్మ' అని పడుతుంది, ఎత్తకూడదు. అందుకని, వస్తువులు సర్దేటప్పుడు ఇద్దరు ఉండండి, ఉత్తరాలు చదవకండి, ఫొటోలు అవసరానికి మించి చూడకండి, ఆ మనిషికి మనసులో కథ అల్లకండి. గంటల లెక్క పాటించండి. డ్యూటీ అయ్యాక అందరినీ గదిలో కూర్చోబెట్టి ఏం చూశారో ఒక్కసారి కక్కించేస్తే అంతా తేలికైపోతుందనే పద్ధతి ఒకప్పుడు తెగ నడిచింది. అలా బలవంతంగా ఒక్క పూట చెప్పించడం వల్ల ఉపయోగం కనపడలేదు, కొందరికి చెడు కూడా చేసిందని తర్వాత తేలింది. మాట్లాడాలనుకుంటే మనిషి ఉండాలి, అక్కర్లేదనుకుంటే వదిలేయాలి. చూశారా, ఇక్కడ కూడా అడగడమే.

సరే, చాలా సేపు మాట్లాడాను. విరామం తర్వాత ఇద్దరిద్దరు ఎదురెదురుగా కూర్చోండి. తలా ఒక పసుపు ఫారం ఇస్తారు. కల్పించిన మనిషి గురించి వద్దు. మీ ఇంట్లో మనిషి, భర్తో, భార్యో, మీతో రోజూ భోంచేసే మనిషి. ఆ మనిషి గురించి మీ ఎదుటివాళ్లు అడుగుతారు, మీరు చెప్పాలి. పుట్టుమచ్చ కుడివైపా, ఎడమవైపా. ఇవాళ పొద్దున బయల్దేరినప్పుడు ఏ రంగు బట్టలేసుకున్నారు. ఫోన్ చేసి అడగకూడదు. అడిగేవాళ్లు క్రియాపదాలు జాగ్రత్త.